తల్లి వేరుకు పూజ

వనజ అబద్ధమాడింది. చాటుగా కాదు, సరిత ఎదురుగా నిలబడి, ఆమె మొహం చూస్తూనే ఆడింది. నెమ్మదస్తురాలు, ఎవరినీ పల్లెత్తు మాట అనదు అని వీధంతా పేరున్న పిల్ల. ఆ పేరును ఏం చేసుకోవాలి చెప్పండి? అవసరానికి నోరు పెగలని మంచితనం ఎవరికి కావాలి? సరే, నా కోపం తర్వాత. ముందు జరిగింది జరిగినట్టు చెప్తాను.

రెండు వేల ఆరో సంవత్సరం సంగతి. వనపర్తిలో పెబ్బేరు పోయే రోడ్డు పక్కన, ఒక డాబా ఇంటి పై అంతస్తులో చంద్రశేఖర్ సార్ ల్యాబ్ ఉండేది. కింద ఆయన, భార్య, తల్లి తిరుపతమ్మ ఉండేవాళ్ళు. సార్ హైదరాబాద్‌లో పెద్ద చదువు చదివి, అక్కడ ఉద్యోగం నచ్చక సొంతూరికొచ్చి ఆ ల్యాబ్ పెట్టుకున్నాడు. అక్కడ ఏం చేస్తారో చెప్తే ఊళ్ళో చాలామంది నవ్వేవాళ్ళు. పెన్నేరు గడ్డ తెలుసు కదా, అశ్వగంధ అంటారు, నీరసానికీ నిద్రకూ మందుల్లో వాడతారు. దాని గుణమంతా వేరులోనే. చేలో వేస్తే వాన కోసం చూడాలి, నెలల తరబడి కాయాలి, తీరా తవ్వితే ఒక్కో చెలకలో ఒక్కో తీరుగా ఉంటుంది. సార్ ఆ మొక్క ఆకుకు సన్నటి గాటు పెట్టి, మట్టిలో బతికే ఒక రకం బ్యాక్టీరియాను ఆ గాటుకు అంటించేవాడు. కొన్నాళ్ళకు గాటు చుట్టూ వెంట్రుకల్లాంటి తెల్లటి వేర్లు పుట్టేవి. వాటిని కోసి చక్కెర, లవణాలు కలిపిన నీళ్ళున్న గాజు సీసాలో వేస్తే చాలు. కాండం లేదు, ఆకు లేదు, మట్టి లేదు, వేరు వేరుగానే పెరిగి సీసా నిండిపోయేది.

వినడానికి తేలికే. కానీ ఆ చక్కెర నీళ్ళు వేరుకెంత ఇష్టమో బూజుకు అంతకంటే ఇష్టం. గాలిలో తేలే ఒక్క నలుసు లోపల పడితే ఆ సీసా ఇక పారబోయాల్సిందే. అందుకే సీసాలుండే లోపలి గదిని గుడికంటే శుభ్రంగా చూసుకునేవాళ్ళు. సీసాల మూతికి దూది మూతలు పెట్టి, వాటిని ఒక మిషన్ మీద వరసగా నిలబెడితే అది పగలూ రాత్రీ నెమ్మదిగా ఊపుతూ ఉండేది. ఎన్నో గాట్లు పెట్టగా ఒక్క ఆకు నుంచి మాత్రం దండిగా మందు ఉండే వేరు దొరికింది. మిగతా సీసాలన్నిటిలో ఉన్నది దాన్నుంచి కోసిన పిలకలే. దానికి వాళ్ళు తల్లి వేరు అని పేరు పెట్టుకున్నారు.

ఆ గదిలోకి ఇద్దరే పోవాలి. ఒకరు సార్, రెండోది వనజ. వనజది బిజినేపల్లి, వనపర్తిలోనే బీఎస్సీ చదివి అక్కడే చేరింది. ఆమె చేతి పనిలో పొరపాటు ఉండదని సార్ అందరితో చెప్పేవాడు. బయటి గదిలో సీసాలు కడిగేది, వాటిని పెద్ద కుక్కర్లో ఉడికించేది సరిత. ఆమెది పాన్‌గల్. మొగుడు వదిలేసి పోయాక తల్లి దేవమ్మ దగ్గరే ఉంటూ రోజూ బస్సులో వచ్చేది. అంతకుముందు ఏటా దసరా కాగానే కూలీలను పనికి తీసుకుపోయే గుంపు మేస్త్రీ బండిలో తల్లితో పాటు పూణె పోయి, కట్టడాల దగ్గర ఇసుక మోసేది. ఒక ఏడు సెంట్రింగు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. ఆ చెయ్యి ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. ల్యాబులో పని దొరికాక పూణె పేరెత్తితేనే దండం పెట్టేది. "అక్కా, గీ సీసాలు సచ్చేదాంక కడుగుమన్నా కడుగుత. గా మేస్త్రీ మొకం మాత్రం సూడ" అని వనజతో ఎన్నోసార్లు అంది.

ఆ ఏడు దసరా తర్వాత హైదరాబాద్ నుంచి ఒక మందుల కంపెనీ వాళ్ళు వేర్లు చూడటానికి వస్తామన్నారు. వాళ్ళకు నచ్చితే ల్యాబ్ నిలబడుతుంది, లేదంటే మూసుకోవడమే. సార్ పండక్కి భార్యతో గద్వాల అత్తారింటికి పోతూ వనజను పిలిచి చెప్పాడు.

"ఆయుధ పూజ చేసుకుంటే చేసుకోండ్రి, వద్దంటలేను. గడప దాంకనే. లోపలికి పువ్వు గూడ పోవద్దు, సమజైందా?"

"అయింది సార్" అంది వనజ.

ఏం అయిందో ఏమో! వనజ నాన్న శంకరయ్యకు బోరు మోటరుంది. దసరా నాడు ఆ మోటరుకు, స్టార్టరు డబ్బాకు బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు చిలకరించకుండా ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టడు. ఒక ఏడు జ్వరంతో పడి పూజ తప్పితే ఆ నెలలోనే మోటరు కాలింది. ఆ ముచ్చట ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకు పని చేసే మిషన్ పూజ లేకుండా ఉంటే మనసొప్పదు. సైన్సు చదివినా అంతే. అది తప్పని నేననను. మన దగ్గర ఆర్టీసీ డిపోలో స్పానర్లకు, టైలరు దుకాణంలో కత్తెరకు కూడా బొట్టు పెడతారు. కానీ స్పానరుకు బూజు పట్టదు కదా.

దసరా నాడు పొద్దున తిరుపతమ్మ పళ్ళెంతో పైకొచ్చింది. బయటి తలుపుకు బంతిపూల దండ కట్టారు, కుక్కరుకు బొట్లు పెట్టారు, లోపలి గది గడప మీద కొబ్బరికాయ కొట్టారు. పండగ తనది కాదు కాబట్టి సరిత ఆ రోజూ పనికొచ్చి సింకు దగ్గర ఉంది. "దా పిల్లా, బొట్టు పెట్టుకో" అని తిరుపతమ్మ పిలిస్తే, "మీరు చేసుకోండ్రమ్మా, నేను చర్చికి పోయేదాన్ని" అని నవ్వి ఊరుకుంది. తిరుపతమ్మ మూతి బిగించి కిందికి దిగిపోయింది.

ఆమె అటు పోగానే వనజ కొబ్బరి చిప్పలో మిగిలిన నీళ్ళు పట్టుకుని గడప దాటింది. గదిలో ఏసీ చల్లదనం, మిషన్ మెల్లటి ఊపు. మిషన్ పక్కలకు బొట్లు పెట్టింది. మునివేళ్ళు కొబ్బరినీళ్ళలో ముంచి సీసాల మీద చల్లింది, మిగిలినవి కూడా మిషన్ మీద కాసిన్ని పోసింది. "తల్లీ, వచ్చేటోళ్ళ ముందర మా సార్ తల దించుకోకుండ చూడు" అని దండం పెట్టుకుంది. దూది మూతలు తడిసిన సంగతి ఆమె కళ్ళు చూశాయి. చిన్న చుక్కలే కదా, ఆరిపోతాయి అనుకుంది.

బయటికొచ్చేసరికి సరిత నురగ చేతులతో నిలబడి చూస్తోంది. వనజ వేలు పెదాల మీద పెట్టుకుంది.

"అయ్యో అక్కా! సార్ సూస్తే నీ పని అయిపాయె" అంది సరిత నవ్వుతూ.

"నువ్వు చెప్పకుంటే సార్ ఎట్ల చూస్తడే?"

"నేనెందుకు చెప్త? నాకేం పని?" అని మళ్ళీ సీసాల మీదికి వంగింది. ఇద్దరూ ఇంకోసారి నవ్వుకున్నారు.

వనజ మధ్యాహ్నం బస్సుకు బిజినేపల్లి పోయింది. మర్నాడు అందరికంటే ముందు పనికొచ్చింది సరితే. లోపలి గది తలుపు కింద నుంచి చీమల బారు పోతోంది. చూసి ఊరుకుంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు, ఆమె ఉద్యోగం ఉండేది. కానీ ఆమె తడిబట్ట తీసుకుని లోపలికి పోయి, మిషన్ చుట్టూ జిగటగా ఉన్న కొబ్బరినీళ్ళన్నీ తుడిచి, సార్ కంట పడకుండా వనజ పెట్టిన బొట్లు కూడా తుడిచేసింది. బయటికొస్తుంటే మెట్ల మీద తిరుపతమ్మ ఎదురైంది. చేతిలోని తడిబట్ట వైపు చూసి పోయింది.

సార్ తిరిగొచ్చిన రోజు సీసాల్లో తెల్లటి నూగు కనిపించింది. మొదట వేరే పెరుగుతోందనుకున్నాడు. సాయంత్రానికి అది దూదిలా పైకి లేచింది, తెల్లారేసరికి నల్లటి చుక్కలు పడ్డాయి. ముందు వరస మొత్తం, నడిమి వరస మొత్తం పోయాయి. ఏడాది పైబడి చేసిన పని. సార్ ఒక్కో సీసా ఎత్తి వెలుతురులో చూసి కింద పెడుతుంటే వనజ ఆ వరసలనే చూస్తూ నిలబడింది. బూజు మొదలైంది ఎక్కడో ఆమెకు చూడగానే తెలిసింది. తన చెయ్యి ఎంత దూరం చల్లిందో అంత దూరమే పట్టింది. వెనక గోడ వైపు వరస అందలేదు కాబట్టి ఆ కొన్ని మిగిలాయి.

సార్ అందరినీ బయటి గదిలోకి పిలిచాడు.

"లోపలికి ఎవరు పోయిండ్రు?"

"నేను చెప్తరా" అంది తిరుపతమ్మ. "పండుగ తెల్లారి గీ పిల్ల తడిబట్ట పట్టుకొని లోపల్నుంచి వచ్చింది. నా కండ్లతోని చూసిన."

"పోయిన సార్" అంది సరిత, దాచకుండా. "చీమలు పట్టినయ్. లోపల కొబ్బరినీళ్ళు ఒలికినయ్. గవి తుడిచిన."

"లోపల కొబ్బరినీళ్ళెట్ల ఒలుకుతయ్?" అని సార్ వనజ వైపు తిరిగాడు. "వనజా, కొబ్బరికాయ లోపలికి తీస్కపోయినవా?"

ఇదిగో, ఇక్కడే. సరిత వనజ మొహంలోకి చూసింది. బెదిరింపు లేదు, బతిమాలడం లేదు, నువ్వే చెప్తావు కదా అన్నట్టు చూసింది. ఇంటికి పోతే నాన్నకేం చెప్పాలి, సార్ నా మొహం మళ్ళీ చూస్తాడా, ఇలాంటి పని ఈ చుట్టుపక్కల ఇంకెక్కడ దొరుకుతుంది, అన్నీ ఒక్కసారే వనజ మీదపడ్డాయి.

"లేదు సార్. గడప మీదనే కొట్టినం. పెద్దమ్మ గూడ ఉండె" అంది.

సరిత నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

"పూజకు రమ్మంటే రాకపాయె, బొట్టు పెట్టుకోకపాయె" అందుకుంది తిరుపతమ్మ. "పోవద్దన్న గదిలకు మాత్రం పోయె. అమ్మవారికి కోపం రాదా మరి?"

అమ్మవారికే నోరుంటే ఆ పూట ఎవరి పేరు చెప్పేదో! సార్ ఆ మాట పట్టించుకోలేదు, ఆయనకు అలాంటి నమ్మకాలు లేవు. కానీ మురికి బట్టతో గదిలోకి పోయిందన్నది మాత్రం ఆయన బుర్రకు బాగా ఎక్కింది. "రేపటి సంది రాకమ్మా" అన్నాడు, అరవకుండానే. సరిత చేతులు కడుక్కుని, టిఫిన్ డబ్బా తీసుకుని మెట్లు దిగింది. వనజ వైపు మళ్ళీ చూడలేదు.

ఆ రోజు నుంచి వనజకు అన్నం సయించలేదు. ముద్ద నోట్లో పెట్టుకుంటే "లేదు సార్" అన్న తన గొంతే వినిపించేది. పని మాత్రం తెగ చేసింది. వెనక వరసలో మిగిలిన సీసాల్లోంచి ఒక్కో వేరు కొస కోసి, కొత్త నీళ్ళలో వేసి, రెండు పూటలా కాపలా కాసి తల్లి వేరును నిలబెట్టింది. సీసాలు కూడా తనే కడిగింది. సబ్బు నీళ్ళకు అరచేతులు పగిలి మంటపుడుతుంటే ఆమెకు కొంచెం హాయిగా ఉండేది. శిక్ష తనకు తానే వేసుకుంటే తగ్గించి వేసుకోవచ్చు కదా, అదీ సంగతి.

కంపెనీ వాళ్ళు వచ్చారు, సీసాలు చూశారు. "బూజు పట్టిందన్నారు?" అని ఒకాయన అడిగాడు. "పనిపిల్ల తప్పండి, తీసేశాం. ఈ వనజ లేకుంటే అసలు వేరే మిగిలేది కాదు" అన్నాడు సార్. వాళ్ళు వనజను మెచ్చుకున్నారు. తిరుపతమ్మ మిఠాయి పళ్ళెం తెచ్చి ముందు వనజ చేతిలోనే ఒక బిళ్ళ పెట్టింది. వనజ ఆ బిళ్ళను పట్టుకుని బాత్రూంలోకి పోయి, నల్లా తిప్పి ఏడ్చింది.

వాళ్ళ కారు పోయాక సార్ గదిలోకి పోయి నిలబడింది.

"సార్, ఆ కొబ్బరినీళ్ళు నేనే చల్లిన. సరిత తుడిచింది, గంతే. ఆ దినం మీకు అబద్ధం చెప్పిన."

సార్ లేచి తలుపు దగ్గరికి వేశాడు. తిడతాడనుకుంది. కొట్టినా బాగుండేదనుకుంది.

"ఇంకెవరికన్న చెప్పినవా?" అన్నాడు.

"లేదు సార్."

"చెప్పకు. వాళ్ళ ముందర ఇప్పుడేమన్ననో విన్నవ్ గద? మల్ల పోయి, కాదు, మా వనజనే సీసాల మీద కొబ్బరినీళ్ళు చల్లిందంటే ఈ మెట్లు ఎక్కుతరా? నవ్విపోతరు."

"మరి సరిత?"

"వనజా, వేరు కోసే చెయ్యి నీదొక్కదానిదే. నిన్ను పోగొట్టుకొని నేనేం చేసుకోవాలె? కడుగుడు పనికి ఎవరన్న దొరుకుతరు. ఆమెకు గూడ ఎక్కడనో ఒక తాన దొరుకుతది. తప్పు నీ మీదికి తెచ్చుకొని ఎవరిని బాగు చేస్తవ్? పో, పని చూస్కో."

వనజ బయటికొచ్చింది. మెట్లు దిగుతుంటే ఒంట్లోంచి ఏదో బరువు దిగినట్టనిపించింది. ఉద్యోగం పోలేదు! ఆ సంతోషం తెలిసిన మరుక్షణం ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఛీ, నేనిలాంటిదాన్నా అనుకుంది. ఆ అసహ్యంతోనే ఆదివారం పొద్దున పాన్‌గల్ బస్సెక్కింది. దారి పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూనే ఉంది.

బస్టాండులో అడిగితే చర్చి వెనక సందు చూపించారు. రేకుల ఇల్లు. వాకిట్లో సరిత ఒక పాత దుప్పటి పరిచి, చీరలు, గిన్నెలు, ఒక పార మధ్యలో పెట్టి మూట కడుతోంది. లోపల దేవమ్మ జొన్నరొట్టెలు చేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. బయలుదేరే హడావిడి చూడగానే తెలుస్తోంది.

సరిత తలెత్తి చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

"ఎక్కడికి సరితా?"

"ఇంకెక్కడికి? పూణెకే. మాపటికి మేస్త్రీ బండి వస్తది."

వనజ కూర్చోకుండానే చెప్పేసింది. కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నేను పాపం చేసిన సరితా. నువ్వు నన్నే చూస్తుంటే నేను లేదని చెప్పిన. అప్పటి సంది నాకు తిండి లేదు, నిద్ర లేదు. నువ్వు గూడ ఎందుకు ఊకున్నవ్? వనజక్కనే చల్లింది అనకపోయినవా?"

"అంటే నమ్ముతుండిరా?" అంది సరిత. "వద్దన్న గదిలకు పోయిందాన్ని నేను. బొట్టు పెట్టుకోందాన్ని నేను. నీ మీద నేను చెప్తే నా మీదనే ఇంకో మాట పడుతుండె. నువ్వు చెప్తవనుకున్న. నువ్వొక్కదానివి చెప్తే అయిపోతుండె."

"చెప్పిన. మొన్న సార్‌కు చెప్పేసిన."

సరిత చేతులు ఆగిపోయాయి.

"ఏంది? నిజంగ చెప్పినవా?"

"ఆ. నేనే చల్లిన, సరిత తప్పు లేదని మొత్తం చెప్పిన."

సరిత మొహం విప్పారింది. దుప్పటి కొసలు వదిలేసి లేచి నిలబడి వనజ రెండు చేతులూ పట్టుకుంది. "అక్కా! గది ముందుగాల చెప్పొద్దా? నేనెంత పరేషాన్ అయితున్ననో తెల్సా? అమ్మా! ఓ అమ్మా! నేను వస్తలేను. మేస్త్రీకి చెప్పు, సరిత వస్తలేదని చెప్పు. వనజక్క సార్‌కు చెప్పిందంట!" అని లోపలికి కేకేసి, మళ్ళీ మూట దగ్గర కూలబడి, పైన పెట్టిన చీరలు ఒక్కొక్కటే బయటికి తీయసాగింది. దేవమ్మ పిండి చేతులతో గుమ్మంలోకొచ్చి, వనజకు దండం పెట్టింది. వనజ ఆ దండానికి ఒక అడుగు వెనక్కి వేసింది.

"రేపటి సంది రావాల్నా, ఎల్లుండి సందా? కొత్త పిల్లను పెట్టుకున్నరా ఏంది? పెట్టుకుంటే పెట్టుకున్నరులే, ఆమెకు కుక్కరు రాదు గద" అని గలగలా మాట్లాడుతూనే ఉంది సరిత.

సరిత చేతిలో చీరతో తలెత్తింది.

"అక్కా, ఎప్పుడు రమ్మన్నడు సార్?"

"రమ్మనలేదు సరితా."

"అంటే?"

"ఎవరికీ చెప్పొద్దన్నడు. నన్ను పని చూస్కొమ్మన్నడు."

"నువ్వు చూస్కుంటున్నవా?"

వనజ తలవంచుకుంది. దేవమ్మకు ఏం అర్థమైందో, లోపలికి పోయింది. కాసేపటికి రొట్టెల చప్పుడు మళ్ళీ మొదలైంది. సరిత బయటికి తీసిన చీరలను ఒకదాని మీద ఒకటి పేర్చి, మళ్ళీ దుప్పటి మధ్యలో పెట్టింది.

"మరి ఎందుకొచ్చినవక్కా?" అంది. అరవలేదు, నిజంగానే అడిగింది. "నీ కడుపుల ఉన్నది దించుకోనీకి వచ్చినవా? దించుకున్నవ్ గద. ఇప్పుడు నేనది ఏడ పెట్టుకోవాలె?"

నిలబడలేక, పోలేక వనజ అక్కడే ఉంది. సరిత తాడు తీసి మూట చుట్టూ తిప్పింది. విరిగిన చెయ్యి బిగువు పట్టక ముడి జారిపోయింది. రెండోసారీ జారింది.

"జర గా కొస పట్టుకో" అంది సరిత, ఆమె వైపు చూడకుండా.

వనజ వంగి తాడు కొస పట్టుకుంది. సరిత ముడి వేసేదాకా గట్టిగా లాగి పట్టుకునే ఉంది.